ఏకు, మేకు, మేక

మస్కట్ల చలి అంటే మా ఊళ్ళె నవ్వుతరు.
జబల్ షమ్స్ మీదికి నీళ్ళ ట్యాంకర్ తోలేటోణ్ణి,
నన్నడుగుండ్రి.
జనవరి తెల్లారుగట్ల పైపుల నీళ్ళు రాయైతయ్,
స్టీరింగు పట్టుకుంటే వేళ్ళు నావి కావు.

పద్దెనిమిది మలుపులెక్కినంక
తారు రోడ్డు ఒడుస్తది.
ఆడ ఓ రాతి గోడ,
గోడవతల నేల మీద ఖల్ఫాన్ ముసలయ్య మగ్గం.

మగ్గమంటే నాకు గుంట.
సిరిసిల్లల మా నాయిన
నడుము దాక భూమిలనే ఉండేటోడు,
సగం పాతిపెట్టినట్టు.
ఈయనకు గుంట లేదు. రాయిల గుంటెట్ల తవ్వుతరు?
నాలుగు ఇనుప మేకులు కొట్టిండు,
మేకుల నడుమ పడుగు గుంజిండు,
నేసిన బట్ట మీద కూసోని
నేసిన కాడికి ముందుకు జరుగుతడు.

ఆయన చెల్లె రయ్యా
మేకల ఎనక రాళ్ళెక్కుకుంట, నడుస్తనే వడుకుతది.
సంకల మేకెంట్రుకల ఉండ, చేతిల కదురు.
తొడ మీద ఒక్క రుద్దుడు,
అది గిరగిర తిరిగి కిందికి, ఇంకా కిందికి,
లోయ దిక్కు.
పోగు తెగితే కదురు లోయల పడదా అని అడిగిన.
"పడ్తే మేకలు తెస్తయా? నేనే దిగాలె" అన్నది.

మా నాయినమ్మ ఏకు మేకైందనేది,
మెత్తగొచ్చి దిగబడ్డ నూలు సేటు గురించి.
ఈడ మేక ఏకైంది.
ఏకు నూలైంది. నూలు మేకుకెక్కింది.
మా మాటనే తిరగేసి నేసిండ్రు.
ఇంకోటి: వాళ్ళు మగ్గాన్ని నోల్ అంటరు.
నూలా? అన్న.
నోల్, అన్నడు.
నూలు, అన్న, అంగి దారం గుంజి చూపిచ్చి.
ఇద్దరం ఒకటే మాటను నాడె లెక్క అటిటు ఇసురుకుంట కూసుంటే
ఎనక ట్యాంకు నిండి పొర్లింది.
పొర్లిన నీళ్ళకు మేకలొచ్చినయ్.

ఆ పొద్దే ఎర్రపట్టీల పోగు తెగింది.
ముసలయ్య కండ్లు కానక తడుముతుంటే
నా చెయ్యి పోయింది.
నేను పంపలే, అదే పోయింది.
బొటనేలు, చూపుడేలు, ఒక మెలిక, ఒక గుంజుడు,
ముడి పడ్డది.
ఇరవై రెండేండ్లైంది పోగు ముట్టి.
ఖల్ఫాన్ నా చెయ్యి తిరగేసి చూసిండు,
డీజిల్ మరకల్ల ఏం కనవడ్డదో.
ఈ ముడి పేరేంది మీ దిక్కు?
తెల్వది.
మా నాయిన చేతికి చెప్పిండు, చెవికి చెప్పలే.

నేను చెప్పనిది ఒకటున్నది.
నీళ్ళ బండి కంటె ముందు సామాను బండి తోలిన.
నిజ్వా బజార్ల దుకాండ్లకు బేళ్ళకు బేళ్ళు దించిన,
ఎరుపు, నలుపు, తెలుపు, ఇదే పట్టీ, ఇదే అంచు,
మిషిన్ల నేసి ఓడల మీదొచ్చినయ్.
ఆరు రియాళ్ళకొకటి.
ముసలయ్యది, మన గొంగడి లెక్క బరువుది, అరవై.
టూరిస్టులు ఈడ ఫోటో దిగుతరు,
ధర అడుగుతరు,
కిందికి పోయి కొంటరు.

మా వాడల పవర్‌లూములు మోగినంక
మా నాయిన గుంట పూడ్చిండు.
ఆ మన్ను మీదనే నాకు పక్కేసేటోళ్ళు.
ఎన్ని రాత్రులు పన్నా ఆడ నేల కొంచెం మెత్తగనే ఉండేది.

చెప్పాలనుకున్న.
నాకు వచ్చిన అరబ్బీ ఎంత?
నీళ్ళు, పైసలు, మలుపు, రేపు.
ముసలయ్య జింక కొమ్ముతోని పేక కొట్టిండు.
ముడి ఎరుపుల కలిసిపోయింది,
నేనెతికితే నాకే దొరకలే.

బండి తిప్పుతుంటే పైనుంచి రయ్యా అరిచింది,
మళ్ళ ఎప్పుడొస్తవని.
రేపు, అన్న.
ఆ మాటొక్కటి వస్తది గదా.